అడక్కుండా పెట్టిన మెరుగు

లక్ష్మీప్రియకు నోట్లో నాలుక లేదని ఆ ఇంట్లోనే కాదు, ప్రొద్దుటూరు బంగారం బజారంతా అనుకునేది. ఆ పేరు కాస్తా ఆ శుక్రవారం పొద్దున గంగలో కలిసిపోయింది.

"ఎట్లుందో చూడు పాపా!" అంటూ అశ్వత్థనారాయణ కూతురి ముందు ఆమె హెడ్‌ఫోన్లు పెట్టాడు. పాత నగలకు మెరుగు పెట్టడంలో ఆయన చేయి అందరికీ తెలిసిందే. నల్లబడి ఉండే లోహపు డిప్పలు రెండూ ఇప్పుడు ముఖం చూసుకోవచ్చు అన్నట్టు మెరుస్తున్నాయి.

"ఏం చేసినావు నాయనా?"

"ఏముంది? కుంకుడు నీళ్లలో ఉడకబెట్టి, రవ్వంత ఆసిడ్‌లో ముంచి, బ్రష్షుతో రుద్దినా. బంగారు అంగడాయన బిడ్డ తలకు తుప్పు తగిలించుకుని మిద్దె మీద తిరుగుతాందని నలుగురూ నవ్వుతాండారు."

ఆమె చేతిలోకి తీసుకుని వంచింది. ఎడమ డిప్పలోంచి కుంకుడు నురుగు కారింది. లోపల పాట పలికే కాగితం గుజ్జయిపోయింది. దాని వెనకున్న తీగ పచ్చగా చిలుము పట్టింది. ఫోనుకు తగిలించి విన్నది. రెండు వైపులా చప్పుడే లేదు. ఆమెకు ఏడుపు రాలేదు. ఒళ్లంతా మండింది.

వాళ్ల ఇల్లు అంగడి మీదే. కింద మెరుగు మోటార్లు పొద్దున మొదలైతే దీపాలు పెట్టేదాకా గుయ్యిమంటూనే ఉంటాయి. ఆ రొదలో ఆమెకంటూ మిగిలింది మధ్యాహ్నం ఒక గంట, పాటలు వినే గంట. కొత్త హెడ్‌ఫోన్లు నాలుగు కొన్నది. ఒక్కటీ ఆ రొదను ఆపలేదు. జమ్మలమడుగులో మూతపడిన క్యాసెట్ రికార్డింగ్ సెంటర్ నారాయణ దగ్గర ఈ పాతవి దొరికాయి. తలకు బరువే కానీ, పెట్టుకుంటే మోటార్లు మాయమయ్యేవి. అప్పటికి ఒక చెవే పలికేది. చెవి మెత్తలు తనే పాత మఖమల్ రవికెతో కుట్టుకుంది. ఎడమ వైపు తెగిన తీగ కోసం రెండు నెలలు తిరిగింది.

ఆఖరికి పులివెందులలో బోరు మోటార్లకు వైండింగ్ చేసే అస్లాం చుట్టి ఇచ్చాడు. వెంట్రుక కంటే సన్నని తీగ అది. మూడుసార్లు తెగింది. నాలుగోసారి నిలిచింది. "చేతులు వణుకుతాండాయి పాపా. ఇంత సన్నంది ఇంక నాతో కాదు. ఇదే ఆఖరు, బద్రంగా పెట్టుకో" అన్నాడు.

భద్రంగా పెట్టుకుంది, పాపం! కన్నతండ్రి కుండలో వేసి ఉడకబెట్టాడు.

"నన్నొక మాట అడగొచ్చు గదా నాయనా?"

"నా బిడ్డది గదా, అడిగేదేముంది? పోతే పోనీలే. కొత్తవి రెండు తెప్పిస్తా."

"బయటోళ్ల ముక్కుపుడక ఆ మూలన పడున్నా, వాళ్లను అడక్కుండా ముట్టుకోవే! నీ పరువుకు నువ్వు మెరుగు పెట్టుకున్నావు. నా చెవులు మూసేసినావు."

"గొంతు తగ్గించు. కింద గిరాకీ ఉంది."

ఆ మాటతో ఆమెకు ఇంకా మండింది. గిరాకీ ఉంటే ఏం? మెరిసే హెడ్‌ఫోన్లు తలకు తగిలించుకుని, ధనధనా మెట్లు దిగి, అంగడిలో అందరికీ కనబడేలా కూర్చుంది. తండ్రి వెనకాలే పరుగెత్తుకొచ్చి, గిరాకీని చూసి నవ్వు ముఖం తగిలించుకున్నాడు.

ముప్పై ఏళ్లుగా ఆ అంగడి తప్ప వేరే గడప తొక్కని వెంకటసుబ్బమ్మ అప్పుడే మైలవరం నుంచి వచ్చి కూర్చుని ఉంది. చేతిలో నల్లబడిన పాత గొలుసు.

"మెరుగు పెట్టల్లప్పా. మా అవ్వది. నువ్వయితే అడక్కుండా పూసైనా ముట్టవని నీ కాడికే వస్తా" అంది. తర్వాత లక్ష్మీప్రియను చూసి నవ్వింది. "ఏంది పాపా, తలకు మెరిసేది పెట్టుకున్నావే! ఏం వింటాండావు?"

"ఏమీ వినపడదు అత్తా. శానా కష్టపడి బాగు చేయించుకున్నా. మా నాయన నన్నడక్కుండా ఉడకబెట్టి మెరుగు పెట్టినాడు. చచ్చిపోయింది."

అంగడిలో ఉన్నవాళ్లంతా తలెత్తి చూశారు. అశ్వత్థనారాయణ నవ్వబోయాడు. "పిల్లది... ఏదో ఆట వస్తువు లెమ్మా. ఇట్లియ్యి గొలుసు. ముందు ఆసిడ్‌లో వేయల్లనా, కుంకుడు చాలునా? నువ్వు చెప్పినట్టే చేస్తా."

చాచిన ఆయన చేతిని వెంకటసుబ్బమ్మ చూసింది. మెరిసే డిప్పల్నీ, వాటి మధ్య ఎర్రబడిన పిల్ల ముఖాన్నీ చూసింది. గొలుసు మెల్లగా కొంగున ముడేసుకుని లేచింది.

"కడుపున పుట్టినదాన్నే అడగనోడివి. నన్నేమి అడుగుతావులేప్పా" అని గడప దాటింది.

ఆయన చేయి అట్లాగే చాచి ఉంది. ఇంత జరిగినా కూతురి వైపు తిరిగి "తప్పయింది" అనలేదు. "పాపా, అది తల మీంచి తీ" అన్నాడు, గొంతు తగ్గించి.

లక్ష్మీప్రియ తీయలేదు. ఆయన మళ్లీ అన్నాడు.

"ఏమీ వినపడల్యేదు నాయనా" అంది, అందరికీ వినబడేట్టు.