లేవని విస్తరి

పడవలు తాటితలల్లో చిక్కుకున్న వరద వచ్చిపోయి అప్పటికి మూడో ఏడు. ఆ ఏడు జరిగింది చెబుతాను.

నేను ఒక రాగి గుండిగను. ఇప్పుడు సువ్వేర దేశపు రాజధానిలో, మ్యూజియంలో, అద్దం వెనక ఉన్నాను. నా పొట్ట మీద ఒక బొడిపె ఉంది. 'అలంకారం' అని పక్కన బోర్డు మీద రాశారు. రాసినాయన నన్ను పొయ్యి మీద చూడలేదు, ఆయన తప్పు కాదు. తెప్పలరేవు నుంచి పడవల్లో వచ్చినవాళ్లు మాత్రం బోర్డు చదవరు. కాపలావాడు అటు తిరగ్గానే బొడిపెకి ఎదురుగా అద్దం మీద అరచెయ్యి ఆనించి పోతారు.

నన్ను కొట్టింది ఆ ఊరి కంచరులే. ఒక వేసవంతా సుత్తి దెబ్బలు తిన్నాను. కొన్నది కరణాలవారు. ఏడాదికోసారి కిందికి దించి, తోమి, మురిసిపోయి, మళ్లీ అటకెక్కించేవాళ్లు. వాడని వస్తువంటే మనుషులకి అంత ప్రేమ. వరదలో ఆ ఇల్లు కూలింది, నేను తేలాను. ఎక్కడినుంచో రెండు కోళ్లు వచ్చి నాలో కూర్చున్నాయి. అలా పోతుంటే పడవ నడిపే దాలమ్మ తెడ్డుతో లాగింది. కోళ్లు తను ఉంచుకుని నన్ను వంటల తవిటయ్యకి ఇచ్చేసింది.

తవిటయ్య మాట్లాడడు. అంచు మీద గరిటెతో కొట్టాడంటే అన్నం ఉడికిందని అర్థం. అతని చేతిలో పడ్డాకే నాకు ఊరు తెలిసింది.

తెప్పలరేవులో ఒక కట్టు ఉంది. వడ్డన మొదలయ్యాక ఆఖరి విస్తరి లేచేదాకా గుండిగను పొయ్యి మీంచి దించకూడదు. పెళ్లయినా దినమైనా అంతే. తింటున్న మనిషి ముందు గుండిగ దించితే, ఇక నీకు ఊళ్లో చోటు లేదన్నట్టు. పోట్లాటకి దిగిన వియ్యంకులు కూడా ఆఖరి విస్తరి లేచాకే కర్రలందుకునేవాళ్లు.

ఆ ఏడు సర్కారు రేవుని ఏదో కంపెనీకి రాసిచ్చింది. కంచె వేస్తాం, పడవలు తీసేయండి అంది. పడవలు పోతే ఆ ఊళ్లో మిగిలేది ఇసుక. జనం వెళ్లి రేవులో కూర్చున్నారు. పోలీసులు లాఠీలతో కొట్టారు. లేచి, దెబ్బలు తుడుచుకుని, మళ్లీ కూర్చున్నారు. అప్పుడు బజారు మూయించారు. ఆకలేస్తే వాళ్లే లేస్తారని రాజధాని నుంచి వచ్చిన కమాండరు ఆలోచన. ఆ ఆలోచనకి నేను అడ్డమొచ్చాను. ఇంటింటి నుంచి కొంగుల్లో నూకలు వచ్చాయి. తవిటయ్య నన్ను రేవు మధ్యకి దొర్లించుకొచ్చి గంజి కాచాడు. పొయ్యి వెలుగుతున్నంతకాలం జనం కదలరు. ఆ సంగతి కమాండరుకీ తెలిసింది.

గుండిగ దించమని హెడ్డు కానిస్టేబులు కన్నంనాయుడిని పంపాడు. కన్నంనాయుడు ఆ ఊరివాడే. కిందటేడు అతని కూతురి పెళ్లి అన్నం నాలోనే ఉడికింది.

"మావా, దించెయ్యి. పైనుంచి ఆర్డరు," అన్నాడు.

తవిటయ్య గరిటెతో వరసలకేసి చూపించాడు. తింటున్నారు.

"సరే, అయ్యాకే దించు. ఇక్కడే ఉంటాను," అని టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

ఒక్కొక్కరే గంజన్నం తిని విస్తళ్లు మడిచారు. దాలమ్మ ఒక్కతే మిగిలింది. విస్తట్లో ఒక్క ముద్ద ఉంది. తినదు, లేవదు.

"కానియ్యి అత్తా."

"నమలడానికి పళ్లేవిరా కన్నయ్యా? నీ కూతురి పెళ్లిలో మూడుసార్లు వడ్డించుకుంటే ఇలాగే తొందరపెట్టావా?"

జనం గొల్లుమన్నారు. వెనక ఉన్న పోలీసులు మొహాలు తిప్పుకుని నవ్వారు.

"ఒక్క ముద్దేగదే! ఎప్పటికి తింటావు?"

"కంచె వెయ్యనని మీ దొరని చెప్పమను. అప్పుడు మింగుడుపడుద్ది."

తిన్నవాళ్లంతా మళ్లీ వచ్చి ఆవిడ చుట్టూ కూర్చున్నారు. పొద్దు వాలుతుంటే కమాండరే వచ్చాడు.

"ఇంకా దించలేదేం?"

"విస్తరి లేవలేదండి," అన్నాడు కన్నంనాయుడు.

"ఏం విస్తరి? నువ్వే లాగి పారెయ్యి!"

కన్నంనాయుడు నా దాకా వచ్చాడు. వేడి తగిలేంత దగ్గరికి. చేతులు చాచి, వెనక్కి తీసుకున్నాడు.

"నా వల్ల కాదండి. ఈ ఊళ్లో బతకాల్సినవాణ్ణి."

మిగతా పోలీసులు నేల చూపులు చూశారు. కమాండరు తుపాకీ తీసి నన్ను కాల్చాడు. ఊరు ఊరంతా ఎదురు తిరిగితే గిన్నెని కాల్చిన మనిషిని నేను అతన్నొక్కణ్ణే చూశాను. గుండు నా పొట్టలో దిగి, చిక్కటి గంజిలో ఆగిపోయింది. చిల్లులోంచి గంజి ధారకట్టి పొయ్యిలో పడింది. పొయ్యి ఆరింది.

"అయిపోయింది. పొండి ఇళ్లకి," అన్నాడు.

ఎవరూ లేవలేదు. దాలమ్మ విస్తరి మీద బూడిద పడకుండా కొంగు అడ్డం పెట్టుకుంది. కమాండరు రేపు పటాలం వస్తుందని అరిచి, జీపెక్కి పోయాడు.

తెల్లారింది. మళ్లీ ఎక్కించడానికి దించితే అది దించినట్టు కాదని దాలమ్మే చెప్పింది. తవిటయ్య నన్ను నీళ్లలోకి దొర్లించి ఇసుకతో తోమాడు. అడుగున సీసపు గుండు దొరికింది. అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత దాన్ని నా చిల్లులోనే కూర్చి, లోపల ఒక రాయి ఆనించి, బయట ఇంకో రాయితో కొట్టాడు. గుండు రెండు వైపులా పరుచుకుని బిగిసింది. నీళ్లు పోసి చూశాడు. చుక్క కారలేదు.

దూరంగా లారీల చప్పుడు వినిపిస్తోంది. అతను తల తిప్పలేదు. నన్ను పొయ్యి మీదికెక్కించి, నూకలు పోసి, ఊది ఊది మంట లేపాడు.

"ఏరా తవిటీ, ఇవాళేంటి వంట?" అంది దాలమ్మ, నిన్నటి ముద్ద ముందు నుంచి కదలకుండా.

"గంజే," అన్నాడు. నూకలు ఉడికాక గరిటె తీసి నా అంచు మీద కొట్టాడు.