గూడ్సు అడ్డమైన ఎదురుకోళ్లు

మా బావ అనంతయ్య రైలు కోసం నాలుగుసార్లు నిరాహారదీక్ష చేసిన మనిషి. గద్వాల నుంచి రాయచూరుకు లైను పడి, మా ఊరి పక్కన చిన్న స్టేషన్ వచ్చాక ఆయన నడకే మారిపోయింది. ఆయన కూతురు, నా మేనకోడలు ఉమారాణికి నాగర్‌కర్నూల్ సంబంధం ఖాయమైన రోజు కూడా ఊరుకోలేదు.

"మా ఊరికి రైలున్నది. వనపర్తి మీదికెల్లి మీ ఊరికి రావాల్సిన లైను ఇంక కాయితాల మీదనే నడుస్తున్నట్టుంది" అన్నాడు వియ్యంకుడు చంద్రశేఖర్‌తో.

చంద్రశేఖర్ నవ్వలేదు. ఆ మాట మనసులో పెట్టుకున్నాడు.

పెళ్లిరోజు పొద్దున పది నలభైకి ముహూర్తం. పది గంటలకు మగపెళ్లివారి బండ్లు పట్టాల అవతల ఆగాయి. అండర్‌పాస్‌లో నడుం లోతు వాన నీళ్లు. పోనీ నడిచి పట్టాలు దాటుదామనుకునేలోపే ఒక బొగ్గు గూడ్సు వచ్చి, సిగ్నల్ పడక, ఊరికి అడ్డంగా నిలబడింది. యాభై ఎనిమిది డబ్బాలు.

ఇవతల మేము డప్పులతో, నీళ్ల బిందెతో ఉన్నాం. బయటి నుంచి వచ్చే మగపెళ్లివారిని పొలిమేరలో ఎదుర్కొని, కాళ్లకు నీళ్లిచ్చి తెచ్చుకోవడం మా ఆనవాయితీ.

డబ్బాల సందులోంచి చంద్రశేఖర్ గొంతు వినిపించింది. "ఎదురుకునేటోళ్లే ఇటు రావాలె. మగపెళ్లోళ్లం, మేం చుట్టు తిరిగి మీ దగ్గరికొస్తమా?"

"పొలిమేర ఇటుదిక్కున్నది. మీరే రావాలె" అన్నాడు బావ. అక్కడితో ఆగొచ్చుగా. "మీకు రైలు అలవాటు లేదు గద, జర పైలంగ రాండ్రి."

పది పదిహేనయింది. ఇది దాటితే మూఢం, మళ్లీ మూడు నెలలకే ముహూర్తం అన్నాడు పంతులు. అంతలో సంగతి తెలిసి ఇంటి నుంచి ఉమారాణి నాకు ఫోన్ చేసింది.

"మామా, నాయినకు చెప్పు. ఇయ్యాల ఈ పెండ్లి ఆగిందంటే, రైలు మీదున్న ప్రేమ, పావురం నామీద లేదనుకుంట."

ఉన్నదున్నట్టు చెప్పాను. బావ మొహం చిన్నబోయింది. తువ్వాలు భుజాన వేసుకుని, "పా, తోక దిక్కుకెల్లి పోదం" అన్నాడు.

"వస్తున్నమని ఫోన్ చెయ్యి బావా."

"చేస్తే తగ్గినట్టు గాదా? సప్పుడు జెయ్యక పోయి నిలబడుదం."

బావ తల్లి జానకమ్మ నడవలేనని బిందె పట్టుకుని అక్కడే కూర్చుంది. మేము డప్పులు కూడా ఆపేసి, బురదలో ఆయాసపడుతూ గార్డు డబ్బా చుట్టి అవతలికి చేరాం. అక్కడ ఖాళీ బండ్లు, బీడీ తాగుతున్న డ్రైవరు తప్ప ఎవరూ లేరు.

"పెండ్లోళ్లు ఏరి?"

"ఇంజను దిక్కుకెల్లి మీ ఊర్లకే పోయిండ్రు. ఫోన్ చెయ్యొద్దన్నడు పెద్దాయన, చేస్తే తగ్గినట్టంట."

సరిగ్గా అప్పుడే గూడ్సు కూత వేసి కదిలింది. ఆఖరి డబ్బా తప్పుకునేసరికి పెళ్లికొడుకుతో సహా వాళ్లంతా ఊరి వైపు ఉన్నారు. మేము పరాయివాళ్లలా బయట నిలబడ్డాం.

"మీరు ఇటు రాండ్రి, మేం అటొచ్చి ఎదురుకుంటం" అన్నాడు బావ. టైము పది ముప్పై.

"ఇంగ మీరు తిరిగింది చాలు" అంది జానకమ్మ. "ఊర్ల ఉన్నోళ్లు, బయటికెల్లి వచ్చినోళ్లను ఎదురుకోవాలె. గదే గద ఆనవాయితి." బిందె, చెంబు తెచ్చి చంద్రశేఖర్ ముందు పెట్టింది. మేము పట్టాలు దాటి వాళ్ల ముందుకొచ్చాం.

చంద్రశేఖర్ బిందెను చూశాడు, పోతున్న గూడ్సును చూశాడు, పంతులు మొహం చూశాడు. చెంబు ముంచి, వంగి, బురదతో ఉన్న మా బావ కాళ్ల మీద నీళ్లు పోశాడు. ఆడపిల్ల తండ్రికి మగపెళ్లివారు కాళ్లకు నీళ్లివ్వడం నా ఎరుకలో ఎక్కడా లేదు.

"మీ లైను కోసం ఐదో దీక్ష నేనే కూసుంట బావగారూ" అన్నాడు బావ.

"వద్దు తియ్. వచ్చినంక అది మా ఇంటి ముంగట గిట్లనే అడ్డం ఆగుతది" అన్నాడు చంద్రశేఖర్, ఇంకో చెంబు ముంచుతూ.

పది ముప్పై ఏడుకు ఉమారాణిని గంపలో కూర్చోబెట్టి మండపానికి మోసుకెళ్లాను. దారిలోనే జరిగిందంతా చెప్పాను. నవ్వి నవ్వి గంప ఊపేసింది. తర్వాత మెల్లగా అడిగింది.

"అయితే నాయినకు నామీదనే పావురం ఎక్కువ, గద మామా?"

"ఇయ్యాలైతే నీమీదనే" అన్నాను.