మానేసినవారు: నలుగురు

"రత్నం, కాఫీ ఇచ్చాక ఆ కార్డులు లెక్కపెట్టు. ఎన్ని దేశాలో గూడా రాయి," అన్నాడు బాబూరావు గడ్డం గీసుకుంటూ.

సోమవారం అతనికి ప్రొఫెసర్ ఇంటర్వ్యూ. ఎన్ని పేపర్లు అచ్చయ్యాయి, వాటిని ఎవరెవరు తమ పేపర్లలో ఉదహరించారు, ప్రతులు పంపమని ఏయే ఊళ్లనుంచి కార్డులొచ్చాయి, అన్నీ పట్టికగా కావాలి. మొగుడి కీర్తికి జాబితా రాయడం కూడా నరసరావుపేటలోని ఆ ఇంట్లో వంటపనుల్లో ఒకటైపోయింది. సుబ్బరత్నం పప్పు పొయ్యిమీద పడేసి కార్డుల పెట్టె ముందేసుకుంది.

ఆమె కూడా డాక్టరే. మందులు ఒంట్లోకి వెళ్లి ఏం చేస్తాయో చదివి ఎం.డి. పట్టా తెచ్చుకున్న మనిషి. "ఇద్దరూ కాలేజీకి పోతే పొయ్యెవురు రాజేస్తారే?" అని అత్తగారు దుర్గమ్మ ఒక్క మాటంటే ఉద్యోగం ఊసు అక్కడితో ఆగిపోయింది. బాబూరావుకి పేరు తెచ్చిన క్షయమందు పరిశోధన మాత్రం ఆగలేదు. మోతాదు లెక్కగట్టింది సుబ్బరత్నం. వారంవారం దాచేపల్లి బస్సెక్కి, క్వారీల్లో పనిచేసే నలభై మందికి బిళ్లలిచ్చి, నెత్తురు తీసి పరీక్షలు రాసుకున్నదీ ఆమే. పేపర్ అచ్చయ్యాక చూస్తే చివర చీమల్లాంటి అక్షరాల్లో, టైపు చేసిపెట్టిన శ్రీమతికి కృతజ్ఞతలు అని ఉంది. ఆ సాయంత్రం అతను మిఠాయి తెస్తే వీధంతా తనే పంచింది.

అదైనా మింగేసేదే. మింగుడుపడనిది ఖాతూన్ బీ.

ఖాతూన్ బీ రాళ్లు కొట్టేది. ఒక్క పూట కూడా మానొద్దని సుబ్బరత్నం చెప్పిందని, మండుటెండల్లో వచ్చిన రంజాన్ నెలలో కూడా తెల్లవారకముందే సహరీ భోజనంతోపాటు బిళ్లలు మింగేది. ఖాళీ రేకులు తెచ్చి చూపించాలని నియమం. మిగతావాళ్లు సగం పారేసుకునేవాళ్లు. ఈమె దారానికి గుచ్చి దండలా తెచ్చి, "చూడు డాక్టరమ్మా, ఒక్కటి గూడా మానలా," అని నోరు బార్లా తెరిచి చూపేది. ఏడో వారం దుర్గమ్మకు జ్వరం. కోడలు గడప దాటితే ఎట్లా అన్నారు. ఎనిమిదో వారం వెళ్లేసరికి ఖాతూన్ బీ లేదు. కళ్లు పసుపుపచ్చగా అయ్యి, ఐదు రోజుల్లో పోయిందట. "అమ్మ ఆఖర్న గూడా మింగింది, మీరు చెప్పారని," అంటూ కూతురు అబిదా ఆ దండ చేతికిచ్చింది. చివరి రేకు కూడా ఖాళీయే.

"చావు కనపడితే పేపరెవడు వేస్తాడు? మధ్యలో మానేసిందని టైపు కొట్టు," అన్నాడు బాబూరావు. కొట్టింది. మానేసినవారు ముగ్గురు అని ఉన్నచోట నలుగురు చేసింది. ఒక్క అంకె మార్చడానికి ఎంతసేపు?

మూడేళ్లయింది. కార్డు వచ్చిన ప్రతిసారీ ఆ తెరిచిన నోరు కనపడుతుంది. ఇల్లు ఊడుస్తుంటే తలుపు చాటున, పప్పు మెదుపుతుంటే గిన్నెలో. సుబ్బరత్నానికి భయం వేస్తుంది. దయ్యమైతే తాయెత్తు కట్టుకునేదే.

ఇవాళ పెట్టెలో, నిన్ననే వచ్చి ఇంకా విప్పని నీలం ఉత్తరం ఒకటి దొరికింది. కెన్యాలో ఒక డాక్టరు రాశాడు. విప్పి పైకి చదివింది. మీ పేపర్ చూసి, మీ మోతాదులోనే వచ్చే నెల మూడొందల మందికి మందు మొదలుపెడుతున్నాం అని.

"శెభాష్! దాన్ని అన్నిటికన్నా పైన పెట్టు!" అన్నాడు బాబూరావు.

"ఏవండీ, ఖాతూన్ బీ..."

"ఏంది రత్నం, మళ్లా మొదలెట్టావా? ఎప్పుడో పోయినామెని తెచ్చి నా నెత్తిన పెడతావా?" అని తువ్వాలు భుజానేసుకుని స్నానానికి పోయాడు.

సుబ్బరత్నం పొయ్యి ఆర్పి టైపు మిషన్ ముందు కూర్చుంది. ఒకటి కెన్యాకి, ఒకటి పేపర్ వేసిన పత్రికకి వెళ్లాలని మధ్యలో కార్బన్ పెట్టింది. మందు మొదలుపెట్టకండి అని కొట్టింది. మానేసినట్టు రాసిన నలుగురిలో ఒకామె ఒక్క బిళ్ల కూడా మానలేదని, ఆ మోతాదుకే కామెర్లు వచ్చి చనిపోయిందని, ఆమె పేరు ఖాతూన్ బీ అని కొట్టింది. తప్పంతా మొగుడి మీదికి తోసెయ్యొచ్చు. అచ్చులో ఉన్నది అతని పేరే. కాగితం పైకి జరిపింది. ఆఖరి వాక్యం కొట్టి సంతకం చేసింది.

"ఆ మోతాదు లెక్కగట్టింది నేను, ఆ అంకె మార్చింది నేను, ఆ పరిశోధన నాది."