పదకొండు రోజుల నీలం ప్లాస్టర్

"రాస్తానంటే రాస్తాను. మీ పేరే రాస్తాను," అంది ఆమె మూడోసారి, కూరగిన్నె బల్లమీద కాస్త గట్టిగానే పెడుతూ.

"రాయి. పక్కనే 'మా ఆయన' అని కూడా రాయి. చదివినవాళ్లు మురిసిపోతారు," అన్నాడు భర్త.

గొడవ హోటల్లో మొదలై, బస్సులో పక్కపక్క సీట్లలో మూతి ముడుచుకుని కూర్చుని, ఇంటికొచ్చి చెప్పులు విప్పగానే మళ్లీ నోరు తెరిచింది. అత్తగారూ కూతురూ కంచాల ముందు కూర్చుని, ఎవరు మాట్లాడితే వాళ్లవైపు తల తిప్పుతున్నారు.

హోటల్లో ఆమెను వెనకాల అందరూ గోళ్ల మేడం అంటారు. వంటింటి తలుపు దగ్గర నిలబడి, డ్యూటీకి వచ్చే ప్రతి మనిషి చేతులూ తిప్పి చూడడం ఆమె పని. గోళ్లు కత్తిరించారా, ఉంగరాలు తీశారా, జుట్టంతా టోపీలోకి వెళ్లిందా, నిన్నటి చొక్కానే మళ్లీ తొడుక్కొచ్చారా అన్నీ చూస్తుంది. తేడా కనిపిస్తే ఎర్ర అట్ట పుస్తకంలో పేరెక్కుతుంది. కొత్తగా చేరినవాళ్లకు మొదటిసారి హెచ్చరిక. రెండోసారి పేరెక్కితే ఉంచాలా పంపాలా అన్నది మేనేజర్ ఇష్టం. తొమ్మిదేళ్లుగా పెద్ద వంటమాస్టరంతటివాడు కూడా ఆమె ముందు బడిపిల్లాడిలా చేతులు చాపుతున్నాడు.

ఆ వరసలోకి నెల కిందట ఆమె భర్త వచ్చి చేరాడు. పాతికేళ్లు టైలరింగ్ చేసిన మనిషి. వీధినిండా రెడీమేడ్ దుకాణాలు వెలిశాక, మిషన్‌మీద దుప్పటి కప్పి భోజనాల హాల్లో వడ్డనకు కుదిరాడు. హాల్లో వేసుకునే తెల్ల చొక్కా తనే కుట్టుకున్నాడు. అంత కుదురైన కాలరు హోటలంతా గాలించినా ఇంకొకటి దొరకదు. చిక్కల్లా ఆయన కుడిచేతి బొటనవేలి పొడుగాటి గోటితోనే. గుడ్డ మడిచి ఆ గోటితో ఒక్కసారి నొక్కి లాగితే ఇస్త్రీ చేసినట్టు గీత పడేది. దుకాణం పోయింది గానీ గోరు పోలేదు.

చేరిన మొదటివారంలోనే, ఫోను పట్టుకున్న చేత్తో రొట్టెల బుట్ట ఎత్తినందుకు ఒకసారి పేరెక్కింది. రాసింది ఆమే. రెండురోజులపాటు ఆయన మంచినీళ్లు కూడా తల్లినే అడిగి తాగాడు.

తరవాత, గోరు తీయడానికి ఆమె ఇచ్చిన గడువు ముగిసి, దాని వంతు వస్తుందని తెలిసి ఆయన ఒక ఉపాయం పన్నాడు. ఆ వంటింట్లో వేలు తెగితే నీలం ప్లాస్టర్ వేస్తారు. తినే వస్తువుల్లో ఆ రంగు ఉండదు కనక, ఊడిపడినా ఇట్టే కనిపిస్తుంది. ఆయన గోటిమీద నీలం ప్లాస్టర్ చుట్టుకొచ్చి, "కత్తికి తెగింది," అన్నాడు. ఆమె 'గాయం' అని రాసుకుని లోపలికి పంపింది. ఇంటికొచ్చాక ఆ గోరు నిక్షేపంగా ఉండడం ఆమె కళ్లారా చూస్తూనే ఉంది. ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు. అలా పదకొండు రోజులు ఆ గాయం మానలేదు.

ఈ మధ్యాహ్నం ప్లాస్టర్ ఊడి కీరా ముక్కల పళ్లెంలో పడింది. అది బల్లమీదికి చేరేలోపే మాస్టరు చూసి వెనక్కి లాక్కున్నాడు. రేపు పొద్దున మేనేజర్ పుస్తకం తెమ్మన్నాడు.

"ఒరేయ్, ఆ గోరు తీసేస్తే నీ సొమ్మేం పోయిందిరా?" అంది తల్లి.

"ఈ గోరు పాతికేళ్లు మనకి అన్నం పెట్టిందమ్మా."

"ఇప్పుడు పెట్టిన అన్నం లాగేస్తోంది నాన్నా," అంది కూతురు. "అయినా పదకొండు రోజులు మానని గాయమంటే, అమ్మ నిన్ను పెద్దాసుపత్రికి తీసుకెళ్లాల్సింది."

ఆ చురక తనకీ తగిలి ఆమె గొంతు పెంచింది. "నా తలుపు దగ్గర మొగుడూ లేడు, మాస్టరూ లేడు. చేతులే!"

"చేతులేనా?" ఆయన నింపాదిగా అన్నాడు. "అయితే మేడంగారూ, ఏవీ, మీవి చాపండి."

తొమ్మిదేళ్లలో ఆమెను ఆ మాట అడిగినవాళ్లు లేరు. చాపింది. ఎడమచేతి వేలికి ఉంగరం. దాని అంచు చుట్టూ ఎండిన సబ్బు తెల్లగా పేరుకుని ఉంది.

"గురివింద గింజకి తన కింద..." అని మొదలుపెట్టి, కోడలితో రేపు కూడా పనుంటుందని గుర్తొచ్చి, అత్తగారు మంచినీళ్లు తాగింది.

"ఇది రాదు. మీరు తొడిగిందే. వేలు లావెక్కింది," అంది ఆమె.

"నా గోరూ రాదన్నాను. విన్నావా?"

ఆమె ఉంగరాన్ని ఒకసారి తిప్పి చూసుకుంది. పోయిన నెల గిన్నెలు కడిగే ఆవిడ "రావడంలేదు మేడం" అని కళ్లనీళ్లు పెట్టుకుంటే, "సబ్బు రాయండి, అదే వస్తుంది" అని అందరిముందూ నిలబెట్టి ఉంగరం తీయించింది తనే. లేచి పంపు దగ్గరకు వెళ్లి సబ్బు రాసింది. తిప్పింది, లాగింది. వేలు ఎర్రబడింది గానీ ఉంగరం కణుపు దాటలేదు.

ఆయన కాసేపు చూసి, మిషన్ సొరుగులోంచి దారపు రీలు తెచ్చాడు. "ఇలా కూర్చో. బలప్రయోగం పనికిరాదు."

దారం కొసను బొటనవేలి గోటితో ఉంగరం కిందకి తోశాడు. మిగతా దారాన్ని కణుపు మీదుగా బిగించి చుట్టాడు. తరవాత ఆ కొస పట్టుకుని ఒక్కో చుట్టూ విప్పుతుంటే ఉంగరం అంగుళంలో వందోవంతు చొప్పున మీదికి జరిగింది.

"ఈ గోరే లేకపోతే దారం దూరేదా?"

"దూరేది కాదు లెండి. ఇంట్లో బంగారమే. కీరా ముక్కల దగ్గరే ఇబ్బంది."

ఉంగరం ఊడివచ్చింది. కింద చర్మం నానిన కాగితంలా పాలిపోయి ఉంది. వాసన చూద్దామని అత్తగారు ముందుకు వంగేసరికి ఆమె చెయ్యి లాక్కుంది.

ఆయన కత్తెర తీసుకుని కిటికీ దగ్గరకు వెళ్లాడు. కటక్‌మన్న చప్పుడు వినిపించింది. గోటిముక్క అరచేతిలో పెట్టుకుని మిషన్ సొరుగువైపు ఒక్క చూపు చూసి, చెత్తబుట్టలో వేశాడు.

"అయిపోయింది. ఇంక పేరెందుకే?"

ఆమె చేతులు కడుక్కుని, వేలు వేలూ తుడుచుకుంది. ఉంగరం అలవాటైన వేలిని ఒకసారి తడుముకుంది.

"రేపు పుస్తకంలో రెండు పేర్లు రాస్తాను," అంది, గొంతు పెంచకుండా. "పైన నాది, ఉంగరానికీ, లేని గాయం రాసినందుకూ. కింద మీది. మేనేజర్‌తో నేనే మాట్లాడతాను. ఏమంటే అది ఇద్దరం విందాం. రేపట్నించి తలుపు దగ్గర ముందు నా చేతులే చూడాలి. మొదట ఎవరొస్తే వాళ్లు చూస్తారు. కూర చల్లారిపోతోంది, కూర్చోండి."