సగం దీన్లో, సగం దాన్లో

మా రంగుల దుకాణంలో అసలు సరుకు డబ్బాల్లో కాదు, నా భార్య కళ్లలో ఉండేది. ఎవరు పాత గోడ పెచ్చు తెచ్చినా అచ్చం అదే రంగు కలిపి ఇచ్చేది. ఏ రంగు ఎంత కలపాలో ఆ కొలతలన్నీ కంప్యూటర్లో ఎక్కించాం. ఇప్పుడామెకు చూపు మందగించింది, నీలానికీ ఆకుపచ్చకీ తేడా తెలియడం లేదు. ఆ కొలతలు పోతే మళ్లీ పుట్టవు.

ఆ పొద్దున కంప్యూటర్ నత్తలా నడుస్తోందని మా బావమరిది దాన్లోని రెండు డిస్కులూ సర్దడానికి పెట్టాడు. చెల్లాచెదురైన ఫైళ్ల ముక్కలను ఒకచోటికి చేర్చే పని. తెర మీద ఎర్ర గళ్లు నీలంగా మారుతుంటే, గోదాము సర్దినట్టే ఉందని నేనూ ముచ్చటపడ్డాను.

"ఏమండీ, ఆ టకటక ఏమిటి?" అంది నా భార్య.

చెవి ఆనించి విన్నాను. గోటితో రేకు మీద కొడుతున్నట్టుంది.

బావమరిదీ వంగి విన్నాడు. "ఒక డిస్కు పోయేలా ఉంది బావా."

"రెండోది ఉందిగా?"

"వేగం కోసం రెండూ కలిపేశా. ప్రతి ఫైలూ సగం దీన్లో, సగం దాన్లో."

"అంటే ఒంటికాలి చెప్పు మిగులుతుందన్నమాట. నకలు తీయమన్నానుగా?"

"తీశా. ప్రతివారం." గొంతు తగ్గించాడు. "అందులోనే పెట్టా."

ఏ నష్టానికైనా ఇంతని లెక్క వేసుకుని నిద్రపోగలను. దీనికి లెక్క అందడం లేదు.

"ముందు ఆ సర్దడం ఆపరా!" అంది నా భార్య. "ఆయాసపడేవాడి చేత మూటలు మోయిస్తావా?"

వాడు ఆపి, విడి డిస్కు తగిలించాడు. "ఏవి ముందు తీయను అక్కా?"

"బాగా అమ్ముడయ్యేవి," అన్నాను నేను.

"అవి కంపెనీ రంగులు, ఎక్కడైనా దొరుకుతాయి. నేను కలిపినవి తియ్. బడి గేటు ఆకుపచ్చ. బేకరీ గోడ. దర్జీ తలుపు నీలం..."

ఆమె ఒక్కో పేరే చెబుతోంది. వాడు ఒక్కొక్కటే తీస్తున్నాడు. పేరుకీ పేరుకీ మధ్య ఆ టకటక పెరుగుతోంది. నేను ఊపిరి కూడా మెల్లగా తీశాను, గట్టిగా తీస్తే ఆగిపోతుందేమోనని.

చివరికి కీచుమంది. తర్వాత ఏ చప్పుడూ లేదు.

"ఏది రాలేదురా?"

"నువ్వు ఆఖర్న చెప్పింది అక్కా. మీ వంటింటి పసుపు."

"ఓస్, దానికేం! గోడ మీద ఉందిగా," అని నవ్వింది.

ఇంటికి వెళ్లగానే వంటింటి గోడ చూశాను. బీరువా వెనక పెచ్చు లేస్తోంది. ఆమెకు చెప్పలేదు. గోడకు గీసుకోకుండా బీరువాను కాస్త ముందుకు జరిపాను.