ఎనిమిది నిమిషాల చేప

నలభై ఏళ్లు ఓడల్లో వంట చేసిన లాయ్ హింగ్‌కి సముద్రమంటే భయం లేదు. విమానమంటే మాత్రం ముచ్చెమటలు పోస్తాయి. సాక్ష్యానికి రమ్మని లండన్ కోర్టు పిలిస్తే, "నీళ్లలో పడితే ఈదుతాను, గాల్లో పడితే ఏం చెయ్యను?" అని హాంకాంగ్ దగ్గరి చ్యుంగ్ చౌ దీవిలో తన గుమ్మం కదలనన్నాడు. చేసేది లేక ఆ కోర్టు హాంకాంగ్ హైకోర్టుకు ఉత్తరం రాసింది. ఆయన చెప్పేది మీరే రాయించి పంపండి, అడగవలసిన ప్రశ్నలు ఇవీ, అని.

ఆ సాక్ష్యం మీదే కెప్టెన్ క్వోక్ బతుకు ఆధారపడి ఉంది. రెండేళ్ల కిందట పొగమంచులో ఆయన ఓడ మరో ఓడను గుద్దుకుని మునిగింది. మనుషులంతా బయటపడ్డారు గానీ, ఇంజన్ ఎప్పుడు ఆపిందీ రాసే ఓడ పుస్తకాలన్నీ నీళ్లపాలయ్యాయి. గుద్దుకోవడానికి రెండు నిమిషాల ముందు మాత్రమే ఆయన ఇంజన్ ఆపాడని అవతలి ఓడవాళ్ల వాదన. అదే ఖాయమైతే క్వోక్ ఇక జన్మలో ఓడ నడపలేడు. ఆయన చాలా ముందే ఆపాడని, ఆ రోజు అదే ఓడలో వంట చేస్తున్న హింగ్‌కి తెలుసు. ఎలాగంటే, చేప వల్ల.

సాక్ష్యం తీసుకోవడానికి హాంకాంగ్ కోర్టు యిప్ అనే లాయరమ్మను నియమించింది. ఆవిడ పక్కన టైపు చేసే అమ్మాయి, అటొకరూ ఇటొకరూ లాయర్లు, తలుపు దగ్గర బల్ల మీద క్వోక్.

"పద్నాలుగో ప్రశ్న. ఓడలు గుద్దుకున్న క్షణంలో మీరేం చేస్తున్నారు?" అని యిప్ చదివింది.

"చేప మీద మూత తీస్తున్నానమ్మా."

"ఆ చేపని ఆవిరి మీద ఎప్పుడు పెట్టారు?" అని కెప్టెన్ లాయరు అందుకున్నాడు.

అవతలి లాయరు సిట్ చటుక్కున లేచాడు. "ఉత్తరంలో గుద్దుకున్న క్షణం అనే ఉంది. అంతకు ముందు సంగతి అడగమని లండన్ చెప్పలేదు."

యిప్ కాగితం రెండుసార్లు చూసింది. "నిజమే. ఆ ప్రశ్న కుదరదు."

నిజం హింగ్ నాలుక చివర ఉంది, అడిగే నాథుడు లేడు. క్వోక్ తల దించుకున్నాడు.

ఇక సిట్ వంతు. నోరు మూసుకుని కూర్చుంటే కేసు చేతిలో ఉన్నట్టే. కానీ గెలిచేశానన్న ధీమా మనిషిని ఊరుకోనివ్వదు.

"ఆ గందరగోళంలో చేప ఉడికిందో లేదో కూడా మీకు గుర్తుండదు కదా?"

హింగ్‌కి ఒళ్లు మండింది. "గుర్తుండకేం? కన్ను తెల్లబడింది, ముల్లు అప్పుడే వదులుతోంది. కిలో చేప. సరిగ్గా ఎనిమిది నిమిషాలు."

"కిలో చేప ఎనిమిదికి ఉడకదు. మా అమ్మ పది ఉంచుతుంది."

"అమ్మగారికో దండం. పది ఉంచితే అది చేప కాదు బాబూ, దూది."

"ఎనిమిదికి తీస్తే పచ్చివాసన కొడుతుంది."

"మా ఇంట్లో తొమ్మిదండీ," అని టైపు అమ్మాయి గొణిగింది.

"సరే, లాయరు బాబు మాటే ఖాయం చేసుకుందాం," అన్నాడు హింగ్. "ఇంజన్ ఆగి, అలమారలో పళ్లేల గలగల ఆగగానే చేపని ఆవిరి మీద పెట్టాను. ఓడ గుద్దుకున్నప్పుడు మూత తీశాను. మధ్యలో ఎనిమిదా, పదా? తమరే చెప్పండి."

సిట్ గబగబా కాగితాలు తిరగేశాడు. "ఇది... ఇది ఉత్తరంలో లేదు."

"లేదు. కానీ చేప ఉడికిందా అని అడిగింది మీరే," అంది యిప్. "రాసుకో అమ్మాయ్. దూదితో సహా."

తలుపు దగ్గర క్వోక్ నవ్వాడు. రెండేళ్లలో ఆయన నవ్వగా హింగ్ చూడటం అదే మొదలు.

నాలుగు నెలలకు క్వోక్ తప్పేమీ లేదని లండన్ తీర్పు వచ్చింది. ఆ ఆదివారం ఆయన కిలో తూగే చేప పట్టుకుని పడవ దిగాడు. వెనకాలే సిట్, చేతి గడియారం చూసుకుంటూ.

"ఓడిపోయింది కేసు. చేప సంగతి ఇంకా తేలలేదు," అన్నాడాయన.

ఎనిమిదో నిమిషాన హింగ్ మూత తీశాడు. సిట్ ఒక ముక్క తిన్నాడు, ఇంకోటి తీసుకున్నాడు.

"ఆ రోజు నా పుట్టినరోజని ఇతను వండిన చేప, నోట పెట్టకుండానే మునిగిపోయింది," అన్నాడు క్వోక్.

పైభాగం అయిపోయింది. సిట్ చేపను తిరగెయ్యబోతే ఓడ మనుషులిద్దరూ ఒక్కసారే ఆయన చెయ్యి పట్టుకున్నారు.

"పళ్లెంలో చేప తిరగబడితే నీళ్లలో ఓడ తిరగబడుతుంది బాబూ," అన్నాడు క్వోక్. "ఎల్లుండి నేను ఓడెక్కాలి."

హింగ్ వెన్నుముల్లు మెల్లగా ఎత్తి పక్కన పెట్టి, అడుగు ముక్క కెప్టెన్ గిన్నెలో వేశాడు.