స్తంభం పక్కన పిల్ల

ఈ రెండు జడల పిల్ల ఎవరబ్బా, ఎక్కడో చూసినట్టుందే అనుకుంటూ ఆమె భూతద్దం దగ్గరికి లాక్కుంది, పాత కోర్టు ఫొటోలుంటే ఇవ్వండని గేటుకు కట్టిన బోర్డు చూసి రిటైరైన బంట్రోతుగారి కోడలు ఇందాకే తెచ్చిచ్చిన ఫొటో, తను మళ్లీ కట్టిస్తున్న కోర్టు వరండా, కూలిపోకముందటిది, ఏడాదిగా తన టేబుల్ మీదున్న ఫొటోయే, కాకపోతే ఇందులో చివరి స్తంభం మీద చెయ్యేసి ఒక పిల్ల, మోకాలికి కట్టు, అయ్యో, సైకిల్ మీంచి పడ్డప్పటి కట్టు, అది తనే.

నాన్న ఏ కట్టడం ఫొటో తీసినా తనని పక్కన నిలబెట్టేవాడు, కదలకే బుజ్జీ, నువ్వే నా కొలబద్దవి అనేవాడు, ఫొటో అంచున తన ఎత్తు రాసేవాడు, మరి నాన్న తర్వాత ఫొటో స్టూడియో చూసుకుంటున్న అన్నయ్య, ఇవే మిగిలాయే అంటూ ఇచ్చిన వాటిలో తను లేకపోతే, ఆ రోజు స్కూలుకు పోయుంటానులే అనుకుంది, కొలత దొరక్క, ఎవరో మధ్యలో మార్చిన కిటికీల కొలతని నమ్ముకుని స్తంభాలు పోయించింది, ఇప్పుడు ఈ పిల్ల ఎత్తుని బట్టి లెక్కేస్తే తను పోయించినవి అడుగున్నర పొట్టి, అన్నీ కొట్టేయాల్సిందే, సంతకం తనది, రేపు ఆఫీసులో తల ఎక్కడ పెట్టుకోవాలి, ఫోన్ ఎత్తగానే అడిగేసింది, అన్నయ్యా, నాన్న ఫొటోలు కత్తిరించావా, అటునుంచి అతను, నువ్వడిగింది బిల్డింగే కదే, బిల్డింగే ఇచ్చాను, ఆయన వెంట ఊళ్లన్నీ తిరిగింది నువ్వు, కొట్టుకి కాపలా కాసింది నేను, ప్రతి దాంట్లోనూ నీ మొహమే చూస్తూ కూర్చోవాలా.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని ఊరికే అన్నారా, ఒళ్లు మండిపోతోంది, తోడబుట్టినవాడు, తన పెళ్లిలో తనకన్నా ఎక్కువ ఏడ్చినవాడు, ఆమె రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టింది, అతనిచ్చిన దాంట్లో చివరి స్తంభం మీద తెల్లటి మచ్చ, పాలరాతి బిళ్ల కాబోలనుకుని మేస్త్రీ చేత అచ్చంగా అలాంటిదే చెక్కించి పొదిగించింది కూడా, ఎంత ముచ్చటగా ఉందమ్మా అన్నాడు మేస్త్రీ, ఇప్పుడు చూస్తే ఆ మచ్చ సరిగ్గా ఆ పిల్ల చెయ్యి ఉన్నచోటే, పిల్లని కత్తిరించేశాక స్తంభం మీద మిగిలిపోయిన చెయ్యిని బ్లేడుతో గీకిన చోటు, ఒక్కో వేలూ గీకాడు, చుట్టూ ఉన్న నగిషీకి గీత కూడా పడలేదు, కోపంలో చేసిన పని కాదిది, కోపమైతే చించేసేవాడు, ఆమెకి ఏడుపు కూడా రావడం లేదు, నాన్న పనిని అన్నయ్య ప్రాణంలా చూసుకున్నాడు, అందులో అతనికి అక్కర్లేనిది తనొక్కతే.